బాగుపడ్డ చేతులు

మా చెల్లెలి మొగుడు గాలి అమ్ముతాడు. మర్యాదగా చెప్పాలంటే, గాలిని శుభ్రం చేసే మిషన్లు అమ్ముతాడు. అమ్మాన్ నగరంలో షాపులున్నాయి. అవి చాలక ఒక పెద్ద షోరూం కడుతున్నాడు. ఆ ఏడు శీతాకాలం చివర, మా అజ్లూన్ కొండల్లో దారులన్నీ ఎర్రటి బురదగా ఉన్నప్పుడు, మా చెల్లెలు మేసూన్‌ని తెచ్చి మా ఇంట్లో దింపాడు. ఆమెతో పాటు ఒక మిషనుని కూడా దింపాడు. ముందు మిషనునే దింపాడని చెప్పడం న్యాయం.

"నిలువుగా పట్టుకోండి బావగారూ, పడుకోబెట్టకూడదు," అన్నాడు సబ్రీ.

మేసూన్ వెనక సీట్లోంచి తనంతట తనే దిగింది. రెండు చేతులకీ తెల్లటి నూలు గ్లౌజులు. కణుపుల దగ్గర గోధుమరంగు మరకలు. కొన్నేళ్ళుగా ఆమె చేతుల మీద చర్మం ఎండిన చెరువులా పగులుతోంది, రక్తం ఓడుతోంది. నిద్ర లేదు. మెట్లెక్కితే ఆయాసం. వాళ్ళ ఫ్లాటు ఆసుపత్రి కంటే శుభ్రంగా ఉంటుంది. నేలంతా క్లోరిన్ వాసన. కిటికీలు తెరవరు. బూట్లతో లోపలికి వచ్చిన చుట్టాన్ని సబ్రీ మళ్ళీ పిలవడు.

"అంతా దుమ్ము, బావగారూ. దుమ్ము, పుప్పొడి, మేకల బొచ్చు. వాటి వల్లే," అన్నాడు.

"అవన్నీ ఉన్నచోటికే తెచ్చావు కదా నాయనా," అంది అమ్మ అమాయకంగా. అమ్మ ఎప్పుడూ అమాయకురాలు కాదు.

"గాలి మార్పు కావాలన్నాడు డాక్టరు. అందుకే మిషను తెచ్చాను అత్తయ్యా. గదిలో అది నడుస్తుంటే గది అమ్మాన్‌లో ఉన్నట్టే."

అసలు కారణం నాకు తెలుసు. ఎలర్జీకి విరుగుడు అమ్మేవాడి భార్య కొనేవాళ్ళ ముందు నిలబడి చేతులు గోక్కుంటే వ్యాపారం నడవదు. వెళ్ళేముందు ఆ మాటే తిప్పి చెప్పాడు. "చేతులు బాగవ్వగానే ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకెళ్తాను. షోరూం తెరిచే రోజున మేసూన్ నా పక్కన ఉండాలి. ఆ చేతులే నా ప్రకటన."

అతను 'ఆ చేతులు' అన్నప్పుడు నేను మేసూన్ మొహం చూశాను. సామాను గదిలో మూలకి ఏం తోశారో గుర్తు చేసుకుంటున్న మనిషి మొహంలా ఉంది.

నా సంగతీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పేరు ఘాలిబ్. పెళ్ళి కాలేదు. మగపిల్లల హైస్కూల్లో మనస్తత్వ సలహాదారుని. సిగరెట్లు తాగుతూ పట్టుబడ్డవాళ్ళని నా గదికి పంపుతారు. నేను వాళ్ళ ఇంటి సంగతులడుగుతాను. వాళ్ళు అబద్ధాలు చెబుతారు. నేను రాసుకుంటాను. మనుషుల మీద నాకున్న అభిప్రాయం అక్కడ ఏర్పడింది కాదు, అక్కడ స్థిరపడింది.

మొదటి వారం మిషను రాత్రింబవళ్ళు గొణిగింది. మేసూన్ దాని పక్కనే కూర్చుంది, కిటికీ మూసుకుని. తర్వాత ఫిద్దా వచ్చింది.

ఫిద్దా మా పక్కింటి విధవరాలు. గోరింటాకు పెట్టిన ఎర్రటి జుట్టు, మందెడు మేకలు. నోరు తెరిస్తే లోయ అవతల కూడా వినపడుతుంది. వసంతం పొడుగునా కొండ మీద ఆకుకూరలు కోసి రోడ్డు పక్కన అమ్ముతుంది. లోకంలో ప్రతి జబ్బుకీ ఆమె దగ్గర ఒక ఆకు ఉంది. వాటితో ఆమె మొగుడు మాత్రం బతకలేదు.

"ఏమే, పెళ్ళికూతురు గ్లౌజులేసుకుందేం?" అంది గుమ్మంలోంచే.

"చేతులు బాగాలేవు పిన్నీ."

"నా మోకాళ్ళూ బాగాలేవు. వాటికి తొడుగులేశానా? లే. వాన పడింది, ఖుబ్బైజా కూర గుప్పున మొలిచింది. ఇవాళ కోయకపోతే ముదిరి గడ్డైపోతుంది."

"నాకు దుమ్ము పడదు."

"బురదలో దుమ్మెక్కడుంటుందే, పిచ్చిదానా?"

ఈ వాదానికి జవాబు దొరక్కే మేసూన్ లేచిందని నా అనుమానం. అమ్మ పాత రబ్బరు బూట్లు తొడుక్కుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది, గౌను అంచు మోకాలి దాకా తడిసి, గ్లౌజులు పచ్చగా మారి. ఒడి నిండా గుండ్రటి ఆకులు. అమ్మ వాటిని ఉల్లిపాయతో ఆలివ్ నూనెలో మగ్గించింది. మేసూన్ రొట్టెతో మూడుసార్లు పెట్టించుకుని తిని, కుర్చీలోనే నిద్రపోయింది. నోరు తెరిచి, గురకపెడుతూ.

"చూశావా? మట్టి మహిమ," అంది అమ్మ.

"అలసట మహిమ," అన్నాను నేను.

కొండ మీద నాకు భక్తి లేదు. కొండని ప్రేమించేవాళ్ళని చూస్తూ పెరిగినవాడికి అది ఉండదు. శుక్రవారం వస్తే చాలు, అమ్మాన్ కార్లు మా ఓక్ చెట్ల కింద బారులు తీరుతాయి. దిగీ దిగగానే చేతులు చాచి, "ఆహా, గాలి!" అని పీలుస్తారు. పీల్చిన చోటే బొగ్గులు రాజేసి మాంసం కాలుస్తారు, హుక్కా ముట్టిస్తారు, పాటలు పెడతారు. పక్షులు వాళ్ళకంటే తెలివైనవి కాబట్టి లేచిపోతాయి. సాయంత్రానికి కొమ్మలకి ప్లాస్టిక్ సంచులు కాసి ఉంటాయి. సెలవయ్యాక వాళ్ళు ఆఫీసుల్లో 'ప్రకృతి ఒడిలో సేద తీరాం' అని చెప్పుకుంటారు. నిజమే, సేద తీరారు. ఒడి సంగతి ఎవరూ అడగరు.

మేసూన్ చేసింది అది కాదు. ఆమె కొండని చూడలేదు, కొండలో పని చేసింది. మార్చి నెలంతా ఫిద్దా వెనక నడిచింది. రాళ్ళ సందుల్లో పుల్లాకు గిల్లింది, తాబేళ్ళని దారిలోంచి తీసి పక్కన పెట్టింది, అడవిపందులు తవ్విన గోతుల్లో దుంపలేరింది. అక్కూబ్ అనే ముళ్ళ మొక్క ఆమె గ్లౌజుల్ని పీలికలు చేసింది. పీలికలైనవాటిని కుట్టుకోకుండా పొయ్యిలో పడేసింది. ఒక పొద్దున ఫిద్దా మేక ఈనలేక అరుస్తుంటే, ఈమె చెయ్యి పెట్టి పిల్లని లాగింది. మోచేతుల దాకా జిగట, నెత్తురు, గడ్డిపోచలు. నేను వాకిట్లో కాఫీ తాగుతున్నాను. కప్పు కింద పెట్టి మొహం తిప్పుకున్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

ఆ చేతులు చెడిపోయి ఉండాలి. చెడిపోలేదు. పగుళ్ళు మెల్లగా పూడాయి. ఎర్రదనం పోయి, ఎండకి కమిలిన మామూలు గోధుమరంగు చర్మం వచ్చింది. ఆయాసం కొండెక్కుతూ ఉండగానే ఎక్కడో జారిపోయింది. మట్టిలో కంటికి కనపడని కోటానుకోట్ల ప్రాణులుంటాయని, వాటి పొత్తు లేని ఒంటికి శత్రువెవడో మిత్రుడెవడో తెలియక తనని తానే కొరుక్కుంటుందని ఎక్కడో చదివాను. రకరకాల చెట్టూ పురుగూ ఉన్నచోట బతికేవాళ్ళకి ఆ తిక్క తక్కువట. చదివింది నమ్మడం నా వృత్తి. కళ్ళెదుట ఉన్నది నమ్మడం నాకు చేతకాదు. పైగా నా దగ్గర ఇంతకంటే మంచి సిద్ధాంతం ఉంది. దాన్ని చాలా రోజులు నోట్లో నానబెట్టి, ఒక సాయంత్రం ఆమె కూరకి అక్కూబ్ ముళ్ళు తీస్తుంటే బయటపెట్టాను.

"నీ ఒంటికి పడనిది దుమ్ము కాదు మేసూన్. సబ్రీ."

కత్తి ఆపకుండానే అడిగింది. "ఎన్నాళ్ళుగా దాచుకున్నావు ఈ మాట?"

"నిజం కాదా?"

"ఆయన దుమ్మంటాడు. అమ్మ మట్టంటుంది. పిన్ని ఆకంటుంది. నువ్వు మొగుడంటావు. నా చేతుల మీద మీ నలుగురికీ ఎంత హక్కో అన్నయ్యా. నాకు తెలిసిందల్లా ఒకటే. పైన రాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు నాకు చేతులున్నాయని గుర్తుండదు."

గోడ అవతల మేకలకి నీళ్ళు పోస్తున్న ఫిద్దా అంతా వింది. వినడం ఆమెకి ఊపిరి లాంటిది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా ఘాలిబ్?" అని అరిచింది. "నువ్వు కూడా ఒకసారి ఎండకి రా. బూజు పట్టిన రొట్టెలా ఉన్నావు."

నేను లోపలికి వెళ్ళిపోయాను. అవమానం నన్ను అంత బాధించలేదు. సిద్ధాంతం పోవడం బాధించింది.

రోజూ సాయంత్రం సబ్రీ వీడియో కాల్ చేసేవాడు. ఆ వేళకి మేసూన్ పెట్టెలోంచి కొత్త గ్లౌజులు తీసి తొడుక్కునేది. ఫోన్ పెట్టేశాక విప్పి మడిచి దాచేది. మా స్కూల్లో పిల్లలు పరీక్షల ముందు జబ్బు నటిస్తారు, అది నాకు తెలుసు. నయమైన ఒంటిని దొంగసొత్తులా దాచుకోవడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

"ఎలా ఉన్నాయి?" అనేవాడు.

"అలాగే ఉన్నాయి."

"మిషను నడుస్తోందా?"

"నడుస్తోంది."

మిషను ఎప్పుడో ఆగిపోయింది. దాని మీద అమ్మ జల్లెడ పెట్టి జాతర్ అనే వాసన ఆకు ఆరబెడుతోంది.

గుట్టు బయటపెట్టింది అమ్మే. ఆ సాయంత్రం మేసూన్ ఇంకా కొండ దిగలేదు. ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. "చేతులా? పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి నాయనా! నీ డబ్బాతో కాదులే, మా కొండతో!" అంది. గెలిచిన ఆనందంలో ఆమెకి ఇంకేం తోచలేదు. మేసూన్ గుమ్మంలో మూట దించుతూ ఆఖరి మాట వింది.

"ఎందుకు చెప్పావమ్మా?"

"మంచిమాటేగా చెప్పాను. బాగైందని చెప్పడం తప్పా?"

"బాగైతే తీసుకెళ్తాడు."

"మొగుడు తీసుకెళ్ళక ఊళ్ళోవాళ్ళు తీసుకెళ్తారా?"

అమ్మ చీపురు తీసుకుని, ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది.

సబ్రీ శుక్రవారం వచ్చాడు, ఫోన్ నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండుతో. మేసూన్ చేతుల్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. కొట్లో కాయ నొక్కి చూసేవాళ్ళు అలాగే చూస్తారు.

"అద్భుతం! షోరూంలో ఏం చెప్పాలో రాసి తెచ్చాను. 'నెలల తరబడి ఈ మిషను పక్కనే గడిపాను' అంటావు, చేతులు పైకెత్తుతావు."

"మిషను నడవలేదు," అంది మేసూన్.

"నడిచిందా లేదా అన్నది సాంకేతిక విషయం." నవ్వాడు. "ఇదిగో బావగారూ, కొత్త నినాదం. 'కొండగాలి, మీ గదిలో.' ఎలా ఉంది? ఇప్పుడు జనానికి ప్రకృతి కావాలి. ఇక్కడే చిన్న వీడియో తీద్దాం. మీ మట్టి, మీ మేకలు, మీ ఆకులు."

వాకిట్లో అమ్మా ఫిద్దా లూఫ్ ఆకులు గుడ్డ మీద పరిచి వాడబెడుతున్నారు. చేమాకులా నిగనిగలాడే పెద్ద ఆకు. ఒక పూట వాడ్చి, సన్నగా తరిగి, సుమాక్ పులుపు పోసి గంటల తరబడి ఉడికిస్తే, రొట్టె ముక్కలతో కలిపి అమృతంలా ఉంటుంది. పులుపు తగ్గితే ఇల్లంతా గొంతు పట్టుకుని కూర్చుంటుంది. పచ్చిది మా మేకలు కూడా ముట్టవు.

సబ్రీ స్టాండు నిలబెట్టాడు. జుట్టు సవరించుకున్నాడు. గొంతులో అప్పటికప్పుడు ఒక పీఠాధిపతి దిగాడు. "మిత్రులారా, ఇది అడవి ఆకు. మందుల్లేవు, ఎరువుల్లేవు. వండితే దీని ప్రాణం చచ్చిపోతుంది. మన తాతలు పచ్చిగానే తినేవారు, అందుకే వందేళ్ళు బతికారు..." అంటూ వంగి ఒక ఆకు అందుకున్నాడు.

"పచ్చిది తినకండి," అంది మేసూన్. "నోరు కోసేస్తుంది."

ఒక్కసారే అంది. మామూలు గొంతుతో అంది. ఏ మాటైనా రెండోసారి చెప్పే అలవాటు ఆ కాపురంలో ఆమెకి పోయింది.

"విన్నారా?" సబ్రీ ఫోన్ వైపు కన్నుగీటాడు. "మా ఆవిడ. ఫ్లాటులో ఉండి ఉండి ఆకు కనపడితే భయం." ఆకుని చుట్టచుట్టి నోట్లో పెట్టుకుని నమిలాడు. కెమెరా కోసం బాగా నమిలాడు.

మొదట చిరునవ్వు అలాగే ఉంది. తర్వాత చిరునవ్వుకి ఏం చెయ్యాలో తోచలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. వెయ్యి సూదులు ఒక్కసారి గుచ్చినట్టు నాలుక బయటికి వచ్చింది. అది అప్పటికే లావెక్కుతోంది.

"ఉమ్మెయ్!" ఫిద్దా అరిచింది. "మింగకురా గాడిదా! ఉమ్మెయ్! ఈ ఇంటి అల్లుడివని ఇంకేం అనడంలేదు!"

అమ్మ సుమాక్ నీళ్ళకి పరుగెత్తింది. సబ్రీ గడప మీద కూలబడ్డాడు. చొంగ చొక్కా మీద కారుతోంది. ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఫోన్ స్టాండు మీద నిలబడి అన్నీ శ్రద్ధగా రికార్డు చేస్తోంది. మేసూన్ పెరుగు గిన్నె తెచ్చి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో తీసి అతని నాలుక మీద మెత్తింది. గడ్డం తుడిచింది. మళ్ళీ మెత్తింది. కోపం లేదు, తొందర లేదు. మేకపిల్లకి పాలు పట్టేటప్పుడు కూడా ఆమె అలాగే ఉంటుంది.

"మీ నాలుక తగ్గాక మీరు మాట్లాడతారు," అంది. "అందుకే ఇప్పుడే చెబుతున్నాను. నేను రాను."

అమ్మ చేతిలో సుమాక్ గిన్నె ఆగింది. "ఇవాళా?"

"ఇవాళ గురించి కాదమ్మా."

ఫిద్దా నోరు మూసుకుంది. అది మా వీధి చరిత్రలో లేదు. అమ్మ గిన్నెలోకి చూసింది, కూతురి మొహంలోకి చూసింది. "పెరుగు ఇంకా తేనా?" అంది.

అతన్ని నా కారులో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు ఇంజెక్షను ఇస్తూ, "పచ్చిది తిన్నాడా? ఎందుకు?" అన్నాడు.

"అమ్మకానికి," అన్నాను.

ఒక ఊరటనిచ్చే విషయం ఉంది. మాట పడిపోయిన సబ్రీ, మాట ఉన్న సబ్రీ కంటే మనిషిలా కనిపించాడు. తిరుగుదారిలో కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. భయపడ్డాడని తెలుస్తోంది. నాకు జాలి వెయ్యబోయింది. అంతలో అద్దంలో జుట్టు సవరించుకున్నాడు.

ఒంటరిగా వెళ్ళిన సబ్రీ నుంచి ఏప్రిల్ అంతా ఫోన్లు. తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అది ఇంకా చెడ్డ గుర్తు. షోరూం తెరిచే రోజు దగ్గరపడగా పెద్దమనుషులు వచ్చారు. సబ్రీ వైపు మామలు, బాబాయిలు, వాళ్ళ ముందు ఒక తెల్లగడ్డం పెద్దాయన, బంగారు అంచు దుప్పటితో. మా దగ్గర ఇలా వచ్చినవాళ్ళకి కాఫీ పెట్టాలి. పెద్దాయన ముందు కప్పు ఉంచుతాం. ఆయన ముట్టడు. వాళ్ళు వచ్చిన పని నెరవేరుస్తామని చెప్పి, "కాఫీ తాగండి" అని ఇంటి మగవాడు అంటేనే, తాగుతాడు. తాగకుండా లేచిపోయారంటే ఆ ఇంటిని ఊరంతా వెలి వేసినంత పని. నా ఎరుకలో అలా ఎవరూ లేచిపోలేదు.

ఇంటి మగవాణ్ణి నేను. ఇంతవరకూ నన్నెవరూ దేనికీ అలా లెక్కపెట్టలేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. సంసారమన్నాక నాలుగు గిన్నెలు తగులుతాయన్నాడు. ఆడది మొగుడింట చల్లగా ఉంటేనే పుట్టింటి గడప చల్లగా ఉంటుందన్నాడు. దేవుడి దయవల్ల అమ్మాయికి ఆరోగ్యం కుదురుకుందని విన్నాం, ఇక అడ్డేముంది అన్నాడు. బాబాయిలు తలలూపారు. ఎంత శుభ్రంగా ఊపారు! ఒక్కడైనా ఆమె ఎలా ఉందని అడగలేదు. ఆరోగ్యం వచ్చిందన్నారు, అంటే తిరిగి వాడుకోవచ్చన్నమాట. రిపేరైన బండిని తోలుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ మొహాలవి.

తలుపు చాటున అమ్మ గాజుల చప్పుడు వినిపించింది. మేసూన్ వంటింట్లో ఉంది.

"ఘాలిబ్, బాబూ," అన్నాడు పెద్దాయన. "కాఫీ చల్లారిపోతోంది."

జీవితమంతా నేను మనుషుల్ని ఏవగించుకుంటూ గడిపాను. దానివల్ల ఎవరికీ కాణీ లాభం కలగలేదు. నాకసలే కలగలేదు. అది నాలో ఒక మూల కూర్చుని నన్నే కొరుక్కుతినేది. ఆ మధ్యాహ్నం అది లేచి నిలబడింది. నేను ఒక్కొక్కరి మొహమూ తీరిగ్గా చూశాను. భయం వెయ్యలేదు.

"చల్లారనివ్వండి," అన్నాను.

పెద్దాయన కర్ర పట్టుకుని లేచాడు. బాబాయిలు లేచారు. దేవుణ్ణి తలుచుకున్నారు, నన్ను తిట్టారు, వాకిట్లో మేక పెంటికలు తొక్కి మళ్ళీ తిట్టారు. కార్లు లోయలోకి దిగిపోయాయి.

వంటింట్లోంచి మేసూన్ వచ్చింది. గది మధ్యలో నిలబడి, పెద్దాయన ముట్టని కప్పుని కాసేపు చూసింది. తీసుకుని నిలబడే తాగేసింది, అడుగున మడ్డి దాకా.

"చేదుగా ఉంది," అంది. "ఏలకులు తక్కువేశావమ్మా."